లైనక్స్‌లో వీడియో కోడెక్‌లు వేసి అమ్మితే పోలీస్ కేసు అవుతుందా?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి, ఇతరులు చదివినా అర్థమయ్యేలా ముందు దాన్ని కుదించి చెప్తాను. హనుమకొండ చౌరస్తా దగ్గర మీకు పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే షాపు ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, విండోస్ 11 ఎక్కని మెషిన్లలో అప్పటి నుంచి లైనక్స్ వేసి ఇస్తున్నారు. ఫెడోరా అనే లైనక్స్ వేసిన ఒక సిస్టమ్‌లో కస్టమర్ తన ఐఫోన్‌తో తీసిన బతుకమ్మ వీడియో పెడితే పాట వినిపిస్తోంది, బొమ్మ రావట్లేదు. ఫెడోరా ఇవ్వని ప్యాకేజీలు దొరికే ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి కోడెక్‌లు, అంటే వీడియోను కుదించి విప్పే ప్రోగ్రామ్‌లు, వేద్దామనుకుంటే, "అవి పేటెంట్ ఉన్నవి, షాపు మీద పోలీస్ కేసు పడుతుంది" అని ఎవరో భయపెట్టారు. చేతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఇచ్చిన 30 సిస్టమ్‌ల ఆర్డర్, పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోల ఆర్డర్లు ఉన్నాయి. ఇప్పుడు ఏం చేయాలి, ఇదీ మీ టెన్షన్. డీవీడీల సంగతి కూడా అడిగారు.

నేను లాయర్‌ని కాను. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఓపెన్ సోర్స్ లైసెన్సులు సరిచూసి పెట్టే పనిలో చాలాకాలంగా ఉన్నాను. ఏదైనా ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు లాయర్‌ను అడగండి. మిగతాది నాకు తెలిసినంతవరకు ఇది.

పోలీస్ కేసు మాట ముందు పక్కన పెట్టండి. మన దేశంలో పేటెంటు ఉల్లంఘన సివిల్ వ్యవహారం. 1970 పేటెంట్ల చట్టంలో 104వ సెక్షన్ ప్రకారం పేటెంటుదారు జిల్లా కోర్టులోనో అంతకన్నా పై కోర్టులోనో దావా వేసుకోవాలి. ఆపమని ఉత్తర్వు అడగవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు. స్టేషన్‌కు వెళ్ళి ఎఫ్ఐఆర్ రాయించడం, షాపులో సిస్టమ్‌లు ఎత్తుకుపోవడం పేటెంటు విషయంలో ఉండదు. మీకు చెప్పినవాళ్ళు కాపీరైట్‌నీ పేటెంటునూ కలిపేశారు. కాపీరైట్ చట్టం వేరు. దాంట్లో 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. పోలీసులు సరుకు పట్టుకోవచ్చు కూడా. అది మీకు ఎక్కడ తగులుతుందో స్టూడియోల దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను, ఎందుకంటే అక్కడ నిజంగానే తగులుతుంది.

ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఎక్స్264 లాంటి కోడెక్ ప్రోగ్రామ్‌లు కాపీరైట్ పరంగా శుభ్రమైన సాఫ్ట్‌వేర్. రాసినవాళ్ళే ఎల్‌జీపీఎల్, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుల కింద అందరికీ ఇచ్చారు. దొంగ కాపీ అన్న మాటే లేదు. చిక్కు ఎక్కడంటే, ఆ ప్రోగ్రామ్ చేసే పని, అంటే హెచ్.264 లేదా హెచ్.265 పద్ధతిలో వీడియోను కుదించడం, విప్పడం, దాని మీద వేరే కంపెనీల పేటెంట్లు ఉన్నాయి. కోడ్ ఒకరిది, అందులోని పద్ధతి మీద హక్కు ఇంకొకరిది. జీపీఎల్ ఇచ్చినవాడు తనది తాను ఇవ్వగలడు కానీ, మూడో మనిషి పేటెంటును మీకు రాసివ్వలేడు.

ఫెడోరాలో బొమ్మ రాకపోవడానికి కారణం ఇదే. ఐఫోన్ 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి మామూలుగానే హెచ్.265లో, అంటే హెచ్‌ఈవీసీలో రికార్డ్ చేస్తుంది. ఆడియో ఏఏసీలో ఉంటుంది. ఏఏసీకి ఫెడోరా తన దగ్గరే ఒక డీకోడర్ ఇస్తుంది కాబట్టి పాట వినిపించింది, హెచ్‌ఈవీసీకి ఇవ్వదు కాబట్టి తెర నల్లగా ఉండిపోయింది. ఫెడోరా వెనక ఉన్నది రెడ్ హ్యాట్, అమెరికన్ కంపెనీ. అక్కడ సాఫ్ట్‌వేర్ మీద పేటెంట్లు చెల్లుతాయి, తెలిసి ఉల్లంఘించారని తేలితే కోర్టు పరిహారాన్ని మూడింతల దాకా పెంచవచ్చు. జేబులో డబ్బున్న కంపెనీ మీదే ఎవరైనా దావా వేస్తారు. అందుకని వాళ్ళు మరీ జాగ్రత్త. 2022లో వచ్చిన ఫెడోరా 37లో గ్రాఫిక్స్ చిప్ సాయంతో హెచ్.264, హెచ్.265 విప్పే వీలును కూడా మీసా అనే గ్రాఫిక్స్ డ్రైవర్ల నుంచి తీసేశారు. అప్పుడు పెద్ద లొల్లి అయింది. చిప్‌లో డీకోడర్ ఉందంటే లైసెన్స్ కూడా దానితోపాటే వచ్చిందని జనం అనుకుంటారు. కానీ ఈ పేటెంట్ల రుసుము చాలావరకు చివరి వస్తువును తన పేరు మీద అమ్మేవాడి దగ్గర వసూలు చేస్తారు, చిప్ చేసినవాడి దగ్గర కాదు. డెల్, హెచ్‌పీ లాంటి పెద్ద కంపెనీలే కొన్ని మోడళ్ళలో, చిప్‌లో సదుపాయం ఉండి కూడా, హెచ్‌ఈవీసీని ఆపేసి అమ్ముతున్నాయని 2025లో బయటపడింది.

అదే వీఎల్‌సీ ఎందుకు అన్నీ ఆడిస్తుంది? దాన్ని తయారు చేసే వీడియోలాన్ సంస్థ ఫ్రాన్స్‌లో నడుస్తుంది. యూరప్ పేటెంట్ ఒప్పందంలోని 52వ ఆర్టికల్ కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను ప్రోగ్రామ్‌గా ఆవిష్కరణ కింద లెక్కించదు, వాళ్ళు ఆ ధైర్యం మీద ఉన్నారు. మిగతా లైనక్స్ రకాల్లో డెబియన్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను నేరుగా ఇస్తుంది. ఉబుంటు "రిస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్" అనే ప్యాకేజీ విడిగా పెట్టింది. లైనక్స్ మింట్ 2016లో 18వ వెర్షన్ నుంచి కోడెక్‌లను ఐఎస్ఓలోంచి, అంటే ఇన్‌స్టాలేషన్ ఫైల్‌లోంచి, తీసేసి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టిక్కు పెట్టుకోమంటోంది. ఆ టిక్కు పెట్టేది మీరా, కస్టమరా అన్నది మీ విషయంలో ముఖ్యం, దాని దగ్గరికి వస్తాను.

ఇక మన దేశం సంగతి. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా "ఇండియాలో సాఫ్ట్‌వేర్ పేటెంట్లే లేవు, ఏదైనా వేసుకోండి" అంటారు. ఇది సగం నిజం, మిగతా సగాన్ని ఎవరూ చెప్పరు. పేటెంట్ల చట్టం 3(కె) సెక్షన్ ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథమ్, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్ పేటెంటుకు పనికిరావు. 2004 డిసెంబరులో కేంద్రం ఒక ఆర్డినెన్స్ తెచ్చి దీన్ని సడలించబోయింది, 2005లో పార్లమెంటు ఆ మార్పును పక్కన పెట్టేసింది. ఇంతవరకు జనం చెప్పేది సరే. కానీ ప్రోగ్రామ్ ఒక సాంకేతిక ఫలితం ఇస్తే అది "ఉత్త" ప్రోగ్రామ్ కాదని ఢిల్లీ హైకోర్టు 2019 డిసెంబరులో ఫెరిద్ అల్లాని కేసులో చెప్పింది. వీడియో డేటాను తగ్గించి తక్కువ బ్యాండ్‌విడ్త్‌లో పంపడం సాంకేతిక ఫలితం కాదని వాదించడం కష్టం. "పద్ధతి", "పరికరం" అని రాసి కోడెక్ పేటెంట్లు ఇక్కడా తీసుకున్నారు. వాటితో కోర్టుకు వెళ్ళారు కూడా. 2016లో డాల్బీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళినప్పుడు, ఒప్పో, వివో మధ్యంతరంగా ఫోనుకు 34 రూపాయల చొప్పున కోర్టులో జమ చేయాల్సి వచ్చింది. 2020లో ఇంటర్‌డిజిటల్ అనే పేటెంట్ల కంపెనీ షియోమి మీద అదే కోర్టులో వేసిన దావాల్లో ఒకటి హెచ్.265 గురించే. అంతకు ముందు, 2018 జూలైలో, డీవీడీ ప్లేయర్లు తయారు చేసినవాళ్ళ మీద ఫిలిప్స్ ఒక తీర్పు తెచ్చుకుంది. అది అప్పీలుకు వెళ్ళింది.

ఈ కేసుల్లో ప్రతివాదులు ఎవరో చూడండి. లక్షల సంఖ్యలో ఫోన్లు అమ్మేవాళ్ళు, ప్లేయర్లు తయారు చేసేవాళ్ళు. కొన్నవాడు, చూసినవాడు ఎవరూ లేరు. చట్టం మాట అడిగితే 48వ సెక్షన్ తయారీ, అమ్మకం, దిగుమతితో పాటు "వాడకం" మీద కూడా పేటెంటుదారుకు హక్కు ఇస్తుంది. కాబట్టి ఇంట్లో కూర్చుని కోడెక్ వేసుకున్నవాడు చట్టానికి పూర్తిగా అతీతుడని నేను చెప్పను. అలాగని కాజీపేటలో ఒక పాత ల్యాప్‌టాప్‌లో బతుకమ్మ వీడియో చూసిన మనిషి మీద దావా వేసి ఎవరైనా ఏం సంపాదిస్తారు? లాయర్ ఫీజు కూడా రాదు. పైగా 111వ సెక్షన్ ఉంది. పేటెంటు ఉందని తెలియదనీ, తెలుసుకునే సందర్భం కూడా లేదనీ రుజువు చేసుకున్నవాడి మీద నష్టపరిహారం వేయరు. సొంతానికి వేసుకునేవాళ్ళు పరేషాన్ కానక్కర్లేదు, ఇది నా అభిప్రాయం.

మీరు మాత్రం అమ్మేవాళ్ళు. అందుకే మీ లెక్క కొంచెం వేరు.

హెచ్.264 సంగతి నిజానికి తేలిక. ఆ ప్రమాణం 2003లో వచ్చింది, పేటెంటు గడువు దరఖాస్తు నుంచి 20 ఏళ్ళు. మొదటి తరం పేటెంట్లు ముగిసిపోతూ వచ్చాయి, తరువాత చేర్చిన భాగాల మీద కొన్ని మిగిలి ఉన్నాయి. వీటిని ఒక గుత్తగా లైసెన్స్ ఇచ్చే సంస్థ మునుపు ఎంపెగ్ ఎల్ఏ, 2023 నుంచి వయా ఎల్ఏ. వాళ్ళ పట్టికలో ఏడాదికి మొదటి లక్ష యూనిట్లకు రాయల్టీ సున్నా. ఆపైన యూనిట్‌కు 20 అమెరికన్ సెంట్లు. మీరు ఏడాదంతా రాత్రింబవళ్ళు అమ్మినా లక్ష దాటరు. పద్ధతి ప్రకారం లైసెన్స్ కాగితం తీసుకోవాలి, కట్టాల్సింది మాత్రం ఏమీ ఉండదు. ఇంకా సులువు దారి సిస్కోది. ఓపెన్‌హెచ్264 అనే కోడెక్‌ను 2013లో ప్రకటించి, తమ సర్వర్ నుంచి దించుకునే బైనరీకి (తయారు ప్రోగ్రామ్‌కు) రాయల్టీ తామే కడుతున్నారు. సోర్స్ తెచ్చి మీరే కంపైల్ చేస్తే ఆ రక్షణ వర్తించదు, దించుకున్నది సిస్కో నుంచే అయి ఉండాలి. ఫెడోరాలో దీని రిపాజిటరీ తయారుగా ఉంటుంది.

హెచ్.265 అసలు తలనొప్పి. 2013లో ప్రమాణం వచ్చింది, ఇంకా చాలా ఏళ్ళు పేటెంట్లు నడుస్తాయి. లైసెన్స్ ఇచ్చేవాళ్ళు ఒక్కరు కారు. ఎంపెగ్ ఎల్ఏ ఒక గుంపు పెట్టింది, 2015లో హెచ్‌ఈవీసీ అడ్వాన్స్ ఇంకొకటి, 2017లో వెలోస్ మీడియా మరొకటి, ఇవి కాక ఏ గుంపులోనూ చేరని కంపెనీలు. ఒకే అంగట్లో ముగ్గురు మనుషులు మూడు తైబజారు రసీదు పుస్తకాలు పట్టుకుని తిరిగినట్టు ఉండేది. ఒకరికి కట్టానంటే రెండోవాడు ఊరుకోడు. మైక్రోసాఫ్టే చాలా విండోస్ మెషిన్లలో హెచ్‌ఈవీసీని ఉచితంగా ఇవ్వకుండా స్టోర్‌లో డబ్బుకు అమ్ముతోంది. 30 మెషిన్లు అమ్మే షాపు వీళ్ళందరితో బేరమాడడం జరిగే పని కాదు.

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. కాలేజీ సిస్టమ్‌లలో లైనక్స్ మింట్‌ను ఓఈఎం పద్ధతిలో ఇన్‌స్టాల్ చేయండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్నవాళ్ళే యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టుకుంటారు. కోడెక్‌ల టిక్కు ఖాళీగా వదిలేయండి. మెనూలో సౌండ్ అండ్ వీడియో కింద "ఇన్‌స్టాల్ మల్టీమీడియా కోడెక్స్" అని ఉంటుంది, అది నొక్కితే నెట్ నుంచి వాటంతట అవే దిగుతాయి. ఆ నొక్కడం కాలేజీ ల్యాబ్ ఇన్‌ఛార్జి చేయాలి, మీ షాపులో కాదు. ఒక కాగితం మీద రెండు వాక్యాల్లో ఎలా చేయాలో రాసి ఇవ్వండి. దీనివల్ల చట్టం కళ్ళలో పేటెంటు మాయం కాదు, వాడకం కొన్నవాళ్ళది అవుతుంది. ఆ కోడెక్‌లను మీరు ఎక్కించి అమ్మలేదని మాత్రం ధైర్యంగా చెప్పగలుగుతారు. దావా అంటూ వస్తే అమ్మినవాడి మీదికే వస్తుందని పైన చూశాం కదా, ఈ తేడాకు విలువ ఉంది. ఇన్‌వాయిస్‌లో "అన్ని వీడియోలూ ఆడతాయి" అని రాయకండి. "లైనక్స్ మింట్, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్" అని రాస్తే చాలు. హార్డ్ డిస్క్‌ను క్లోన్ కొట్టి 30 మెషిన్లకు ఎక్కించే అలవాటు ఉంటే, ఆ మూల ఇమేజ్‌లో కోడెక్‌లు లేకుండా చూసుకోండి. చాలామంది ఇక్కడే మరిచిపోతారు.

కాలేజీ వాళ్ళు "మాది విద్యాసంస్థ, మాకు మినహాయింపు ఉంది" అనవచ్చు. 47వ సెక్షన్‌లో ప్రయోగం, పరిశోధన, విద్యార్థులకు బోధన కోసం వాడకానికి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది ప్రయోగానికి, పరిశోధనకు ముడిపడిన బోధన. కోడెక్ ఎలా పనిచేస్తుందో ల్యాబ్‌లో నేర్పితే దాని కిందికి రావచ్చు. యానివర్సరీ ఫంక్షన్ వీడియో చూడడం దాని కిందికి రాదు. ఎలాగూ లెక్చర్లు రికార్డు చేసుకోవడమే వాళ్ళ అసలు అవసరమైతే వీపీ9 లేదా ఏవీ1 అనే కోడెక్‌లలో చేసుకోమనండి. ఏవీ1ను గూగుల్, మొజిల్లా, సిస్కో వంటివి 2015లో కూటమి కట్టి, 2018లో రాయల్టీ లేకుండా విడుదల చేశాయి. దాని మీద కూడా మా పేటెంట్లు ఉన్నాయని పేటెంట్లకు లైసెన్స్ ఇచ్చే సిస్వెల్ అనే కంపెనీ 2019లో ఒక గుంపు ప్రకటించింది, కాబట్టి అదీ పూర్తిగా గొడవ లేనిది కాదు. అయినా హెచ్.265తో పోలిస్తే నయం. యూట్యూబ్ ఏ అదనపు ప్యాకేజీ లేకుండా ఫెడోరాలో నడిచేది వీటి పుణ్యానే.

స్టూడియోల సంగతి వేరు. వాళ్ళు సోనీ కెమెరాలతో, ఫోన్లతో తీసుకొచ్చేదంతా హెచ్.264, హెచ్.265లోనే. లైనక్స్‌లో డావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసి ఇస్తే ఉచిత వెర్షన్‌లో ఈ ఫైళ్ళ బొమ్మ రాదు. మీ ఇన్‌స్టాలేషన్‌లో తప్పేమీ లేదు, డబ్బు పెట్టి కొనే స్టూడియో వెర్షన్‌లోనే ఆ వీడియో కోడెక్‌లు ఇస్తారు. కోడెక్ లైసెన్స్ సంగతి ఆ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు చూసుకోవాల్సింది. రోజూ పెళ్ళిళ్ళు ఎడిట్ చేసి బతికేవాళ్ళకు అది కొనిపించండి. కొననంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ముందు ఫైళ్ళను డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లోకి, ఆడియోను కుదించని పీసీఎంలోకి మార్చుకుని ఎడిట్ చేసుకోవచ్చు. ఫైల్ సైజు చాలా రెట్లు పెరుగుతుంది, మూడు రోజుల పెళ్ళికి పెద్ద డిస్క్ కావాలి. మార్చేటప్పుడు ఆ హెచ్.265ను విప్పక తప్పదు, కాబట్టి పేటెంటు ప్రశ్న అక్కడా ఉంటుంది.

పైన చెప్తానన్న కాపీరైట్ ప్రమాదం ఇక్కడ ఉంది. లైనక్స్ కుదరదు, విండోస్ పెట్టు, క్రాక్ చేసిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించు అని వాళ్ళు అడుగుతారు. కాపీరైట్ చట్టం 63బి ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడినవాడికే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. ఎక్కించి ఇచ్చిన మీకు 63వ సెక్షన్ ఉంది. కోడెక్‌ల గురించి నిద్ర పాడుచేసుకుని, కౌంటర్ కింద క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్ పెట్టుకునే షాపులను వరంగల్‌లోనూ కరీంనగర్‌లోనూ చూశాను. భయపడాల్సింది పెన్‌డ్రైవ్‌కి.

స్టూడియో వాళ్ళు కెమెరా మాన్యువల్ చివర సన్న అక్షరాల్లో "వ్యక్తిగత, వాణిజ్యేతర వాడకానికి మాత్రమే" అన్న ఏవీసీ (హెచ్.264కే ఇంకో పేరు) నోటీసు చూపించి మిమ్మల్ని అడగవచ్చు. ఆ లైసెన్స్ పట్టికలో 12 నిమిషాలు, అంతకన్నా తక్కువ ఉన్న వీడియోకు రాయల్టీ లేదు. అంతకు మించితే ఒక్కో టైటిల్‌కు ధరలో రెండు శాతం లేదా రెండు సెంట్లు, ఏది తక్కువైతే అది. నాలుగు గంటల పెళ్ళి సినిమాకు రెండు రూపాయలు కూడా కాదు. దానికోసం ఎవరూ హనుమకొండ రారు.

ఎవరైనా "కోడెక్ ఆడిట్" అని మెయిల్ పంపి డబ్బు అడిగితే మాత్రం వెంటనే కట్టేయకండి. ఏ పేటెంటు, దాని భారతీయ నంబరు ఎంత, గడువు ఎప్పటిదాకా అని రాతపూర్వకంగా అడగండి. అమెరికా పేటెంటు నంబరు చూపిస్తే అది ఇక్కడ చెల్లదు, పేటెంటు ఏ దేశానికి ఆ దేశానిదే. ఆధారం లేని బెదిరింపు మీద మీరే కోర్టుకు వెళ్ళే హక్కు 106వ సెక్షన్‌లో ఉంది.

చివరగా డీవీడీల గురించి అడిగారు. కొన్న సినిమా డీవీడీల్లో సీఎస్ఎస్ అనే కాపీ నిరోధక తాళం ఉంటుంది, దాన్ని తీసే లిబ్‌డీవీడీసీఎస్ఎస్‌ను చాలా డిస్ట్రిబ్యూషన్లు నేరుగా ఇవ్వవు. ఇది పేటెంటు విషయం కాదు. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ చట్టం తాళం తీయడాన్నే తప్పుపడుతుంది. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ మాత్రం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరమంటుంది, రెండేళ్ళ దాకా జైలు. సొంతంగా కొన్న డిస్క్‌ను సొంత కంప్యూటర్‌లో చూసుకోవడం ఒకటి, కాపీలు తీసి అమ్మడం ఇంకొకటి. షాపులో మీరు దాన్ని ముందే వేసి ఇవ్వాల్సిన పని లేదు, అడిగినవాడు వేసుకుంటాడు. స్టూడియో వాళ్ళు పదిహేనేళ్ళ కిందట రాసిచ్చిన పెళ్ళి డీవీడీలకైతే అసలు ఆ తాళమే ఉండదు. లోపల ఉన్నది ఎంపెగ్2, దాని చివరి అమెరికన్ పేటెంటు కూడా 2018 ఫిబ్రవరిలో ముగిసింది.  అవి ఏ లైనక్స్‌లోనైనా ఆడాలి. ఆడకపోతే డిస్క్ మీద గీతలు చూడండి, లేదా డ్రైవ్ లెన్స్ తుడవండి.